ఇంగ్లీష్ మాటలన్నీ తెలుసు.. మరి వాక్యం ఎందుకు కుదరదు? కొల్లేరు చేపల లోడు చెప్పే అసలు కిటుకు ఇదే!

"డ్రైవర్ టోల్డ్ ఐ విల్ కమ్ టుమారో."

ఈ మెసేజ్ ఒక్కసారి చూడండి. కైకలూరు దగ్గర చెరువు గట్టు మీద నిలబడి ఒక రైతు, కోల్‌కతాలో చేపలు కొనే వ్యాపారికి పంపాడనుకుందాం. ఆయన మనసులో ఉన్న మాట చాలా సింపుల్. డ్రైవర్ రేపు వస్తానన్నాడు. అంటే వచ్చేది డ్రైవరు, లారీ, అందులో ఐసు వేసి సర్దిన శీలావతి, బొచ్చె చేపలు.

కానీ అవతల చదివినాయనకి అర్థమైంది వేరు. 'నేను రేపు వస్తాను' అని రైతే అంటున్నాడు కదా, లెక్కలు చూసుకోవడానికి వస్తున్నాడేమో అనుకున్నాడు. తెల్లారేసరికి లారీ మార్కెట్‌లో దిగింది. దింపడానికి మనుషులు లేరు. ఐసు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా!

ఇది మనం ఊహించుకున్న సంఘటనే. కానీ ఇలాంటి మెసేజ్‌లు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఎన్ని ఫోన్లలో ఉంటాయో మీకే తెలుసు. అందులో తెలియని మాట ఒక్కటి కూడా లేదు. డ్రైవర్, టోల్డ్, ఐ, విల్, కమ్, టుమారో.. ఆరూ తెలిసినవే. మరి తప్పు ఎక్కడ జరిగింది?

మాటల్లో కాదు. మాటల్ని కలిపే కీళ్ల దగ్గర!

తెలుగులో కీలు చివర ఉంటుంది

అసలు విషయం ఇక్కడే ఉంది. తెలుగులో వాక్యం బరువంతా చివర వచ్చే క్రియ మీదే ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేశారా లేదా, చేయగలిగారా.. అన్నీ ఆ ఒక్క మాటకే అతుక్కుంటాయి.

'పంపించలేకపోయాను' అనే మాట తీసుకోండి. ఒకే ఒక్క మాట. దీన్నే ఇంగ్లీష్‌లో చెప్పాలంటే "ఐ కుడ్ నాట్ సెండ్ ఇట్" అనాలి. ఐదు మాటలయ్యాయి! మన 'ను' అక్కడ "ఐ" అయ్యింది. మన 'లేకపోయా' అక్కడ "కుడ్ నాట్" అయ్యింది. మనం అసలు చెప్పకుండానే వదిలేసిన 'దాన్ని' అనే మాట అక్కడ "ఇట్" అయి కూర్చుంది.

అంటే ఏంటి? తెలుగులో తోకలు చేసే పనిని ఇంగ్లీష్‌లో విడి మాటలు చేస్తాయి. ఆ విడి మాటలు ఎక్కడ పడితే అక్కడ ఉండవు. వాటికంటూ ఒక సీటు ఉంటుంది. సీటు మారితే అర్థం మారిపోతుంది.

రెండు భాషలూ వేర్వేరు కుటుంబాలవి మరి. తెలుగు, తమిళం, కన్నడం లాంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వీటిది వేరే కుటుంబమని 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే మద్రాసు అధికారి ఉదాహరణలతో చూపించాడు. అదే ఏడాది వచ్చిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటలో ఆ వ్యాసం ఉంది. ఇంగ్లీష్ ఇంకో కుటుంబం. కాబట్టి మనకు ఇంగ్లీష్ వాక్యం కుదరకపోవడం తెలివితక్కువతనం కాదు. ఒక ఇంటి తాళంతో ఇంకో ఇంటి తలుపు తీయాలని చూస్తున్నాం, అంతే!

ఇప్పుడు నాలుగు కీళ్లూ ఒక్కొక్కటిగా చూద్దాం. ప్రొనౌన్, వెర్బ్, అడ్వర్బ్, కంజంక్షన్. స్కూల్లో వీటి డెఫినిషన్లు బట్టీ పట్టి ఉంటారు. ఇక్కడ డెఫినిషన్ల గోల లేదు. ఒకదానితో ఒకటి ఎలా కలుస్తుందో మాత్రమే చూద్దాం.

ప్రొనౌన్: మన దగ్గర దాక్కుంటుంది, అక్కడ ముందు నిలబడుతుంది

'వచ్చాను' అంటే నేనే. 'వచ్చాడు' అంటే అతనే. అందుకే తెలుగులో 'నేను', 'అతను' అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. చెప్పకపోతేనే మాట సహజంగా ఉంటుంది.

ఇంగ్లీష్‌లో "కేమ్" అంటే ఎవరు? నేనా, నువ్వా, ఆవిడా, బస్సా? ఏదైనా కావచ్చు. "ఐ కేమ్, యూ కేమ్, షి కేమ్, దే కేమ్".. అన్నిట్లోనూ అదే "కేమ్". వెర్బ్‌కి తోక లేదు కాబట్టి ముందు మనిషి ఉండి తీరాలి. అందుకే "సెంట్ లోడ్ యెస్టర్డే" అని రాస్తే ఎవరు పంపారో తేలదు. "ఐ సెంట్ ద లోడ్ యెస్టర్డే" అంటే పని అయిపోతుంది.

చిన్న తమాషా చూడండి. 'వచ్చింది' అంటే ఆవిడ కావచ్చు, బస్సు కావచ్చు, గేదె కూడా కావచ్చు. ఒక్కరైతే తెలుగు క్రియ ఆడవాళ్లనీ వస్తువుల్నీ ఒకే తోకతో పిలుస్తుంది. అదే ఎక్కువమంది అయితే ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి 'వచ్చారు' అవుతారు, బస్సులు 'వచ్చాయి' అవుతాయి. ఇంగ్లీష్ లెక్క వేరు. ఒక్కరైతే "హి, షి, ఇట్" అని మూడుగా విడగొట్టి చెప్పాల్సిందే. ఎక్కువైతే మనుషులైనా లారీలైనా అందరూ "దే". స్పీడుగా మాట్లాడేటప్పుడు చెల్లెల్ని "హి" అనేయడం చాలామంది చేసే పొరపాటే. మనకు ఆ సంగతి చూసుకునేది క్రియ తోక. ఇంగ్లీష్‌లో నోరు తెరవకముందే తేల్చుకోవాలి.

ఇంకో వింత ఉంది. 'వాన పడుతోంది' అన్నప్పుడు మనకు వాన ఉంది, పడటం ఉంది. ఇంగ్లీష్‌లో "ఇట్ ఈజ్ రెయినింగ్". ఈ "ఇట్" ఎవరు? ఎవరూ కాదు! వెర్బ్ ముందు సీటు ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఒకరిని కూర్చోబెట్టారు. 'ఆలస్యమైంది' అంటే "ఇట్ ఈజ్ లేట్". 'బాగా దూరం' అంటే "ఇట్ ఈజ్ వెరీ ఫార్". అన్నిట్లోనూ అదే పద్ధతి.

డబ్బులు పోయే ప్రొనౌన్ ఏదంటే..

అది "వి". తెలుగులో రెండున్నాయి. 'మేము' అంటే మీరు కాకుండా మా వాళ్లం. 'మనం' అంటే మీతో కలిపి. ఇంగ్లీష్‌లో రెండిటికీ ఒకటే "వి".

ఇప్పుడు రైతు "వి విల్ పే ద లారీ రెంట్" అని రాశాడనుకోండి. ఆయన ఉద్దేశం 'మనం చెరిసగం వేసుకుని కట్టుకుందాం' అని. కొనేవాడు చదువుకున్నది 'మేము కట్టుకుంటాం' అని. కిరాయి మొత్తం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట "యూ అండ్ ఐ విల్ షేర్ ద లారీ రెంట్" అని విడగొట్టి రాయాలి. 'మీరూ నేనూ' అని పేరు పెట్టి చెప్పినట్టు. నాలుగు మాటలు ఎక్కువైనా, జేబుకి చిల్లు పడదు.

వెర్బ్: ఒక్క కాలం, ఒక్క చోటే

మనం ఎక్కువగా తడబడేది నాలుగు చోట్ల.

మొదటిది. 'ఇది మా చెరువు', 'ఆయన డ్రైవరు'. ఈ తెలుగు వాక్యాల్లో క్రియే లేదు. అయినా పూర్తయ్యాయి. ఇంగ్లీష్ ఒప్పుకోదు. "దిస్ ఈజ్ అవర్ పాండ్", "హి ఈజ్ ఎ డ్రైవర్". మధ్యలో "ఈజ్" లేకపోతే వాక్యం నిలబడదు.

రెండోది. 'వెళ్తాను'. రోజూ ఏలూరు వెళ్తాను. రేపు ఏలూరు వెళ్తాను. రెండిట్లోనూ అదే మాట. అలవాటైనా, రేపటి సంగతైనా తెలుగు ఒకే రూపంతో నడిపిస్తుంది. 'రోజూ', 'రేపు' అనే మాటలే తేడా చెబుతాయి. ఇంగ్లీష్‌లో రెండు దారులు. అలవాటుకి "ఐ గో టు ఏలూరు డైలీ". రేపటికి "ఐ విల్ గో టు ఏలూరు టుమారో". "ఐ సెండ్ ద లోడ్" అని ఊరికే రాస్తే, పంపించావా, పంపిస్తావా, రోజూ పంపుతూ ఉంటావా అని అవతలివాడు తల గోక్కుంటాడు.

మూడోది. 'వెళ్లలేదు'. దీన్ని చాలామంది "హి డిడ్ నాట్ వెంట్" అంటారు. జరిగిపోయిన పనే కాబట్టి "వెంట్" అనాలి అనిపిస్తుంది. కానీ రూలు ఏంటంటే, కాలం అనే ముద్ర ఒక్క చోటే పడాలి. "డిడ్" మీద పడిపోయింది. ఇక "గో" మీద మళ్లీ కొట్టకూడదు. "హి డిడ్ నాట్ గో". "షి డస్ నాట్ ఈట్ ఫిష్" అన్నప్పుడూ అంతే. "డస్"లో ఎస్ చేరిపోయింది, "ఈట్" మామూలుగానే ఉంటుంది.

నాలుగోది ప్రశ్న. తెలుగులో చివర ఒక 'ఆ' తగిలిస్తే చాలు. 'వస్తున్నావు' కాస్తా 'వస్తున్నావా' అయిపోతుంది. ఇంగ్లీష్‌లో తోక లేదు కాబట్టి సీట్లు మార్చుకుంటారు. "యూ ఆర్ కమింగ్" అనేది "ఆర్ యూ కమింగ్" అవుతుంది. 'ఎక్కడికి వెళ్తున్నారు' అనడానికి "వేర్ యూ ఆర్ గోయింగ్" కాదు, "వేర్ ఆర్ యూ గోయింగ్".

మరి "హి గోస్", "షి కమ్స్"లో ఆ ఎస్ ఎందుకు? ఇది అందరికీ తలనొప్పే. నిజానికి ఒకప్పుడు ఇంగ్లీష్ వెర్బ్‌కీ మనలాగే తోకలు ఉండేవి. 1611లో అచ్చైన కింగ్ జేమ్స్ బైబిల్ తిరగేస్తే "గోయెస్ట్", "గోయెత్" లాంటి రూపాలు కనిపిస్తాయి. నువ్వు అంటే ఒక తోక, అతను అంటే ఇంకో తోక. కాలం గడిచేకొద్దీ అవన్నీ రాలిపోయాయి. "హి, షి, ఇట్" దగ్గర మాత్రం ఒక్క ఎస్ మిగిలింది. కాబట్టి ఆ ఎస్ మీద కోపం వద్దు. మన 'తాడు, తుంది'కి దూరపు చుట్టం లాంటిదే అది!

నాకు తెలుసు.. మరి "టు మీ" ఎక్కడ?

ఇది కూడా వెర్బ్, ప్రొనౌన్ కలిసే చోటే. 'నాకు తెలుసు', 'నాకు కావాలి', 'నాకు ఆకలేస్తోంది', 'నాకు ఇద్దరు పిల్లలు'. మనం అన్నిటికీ 'నాకు' అంటాం. అంటే ఆ పని నా దగ్గరకు వచ్చినట్టు చెబుతాం. ఇంగ్లీష్‌లో నేనే ముందు నిలబడాలి. "ఐ నో". "ఐ వాంట్". "ఐ యామ్ హంగ్రీ". "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్". 'నాకు' అనే మాట నోటికి వచ్చినప్పుడల్లా "ఐ"తో మొదలుపెట్టి చూడండి. చాలాసార్లు దారి దొరుకుతుంది.

అడ్వర్బ్: సీటు మారితే ఉద్యోగం కూడా పోవచ్చు

తెలుగులో అడ్వర్బ్‌కి గుర్తు 'గా'. త్వరగా, మెల్లగా, బాగా, జాగ్రత్తగా. ఇవి క్రియకి ముందు వస్తాయి. 'లారీ మెల్లగా నడుపుతాడు'. ఇంగ్లీష్‌లో ఎక్కువగా చివర 'లీ' చేరుతుంది. "స్లో" నుంచి "స్లోలీ", "కేర్‌ఫుల్" నుంచి "కేర్‌ఫుల్లీ". సీటు మాత్రం వెనక్కి పోతుంది. "హి డ్రైవ్స్ ద లారీ స్లోలీ".

అయితే ప్రతిదానికీ 'లీ' తగిలిస్తే కొంప మునుగుతుంది. డిగ్రీ అయిపోయి ఇంటర్వ్యూకి వెళ్లిన ఒక కుర్రాడిని ఊహించుకోండి. 'నేను చాలా కష్టపడి పనిచేస్తానండి' అని చెప్పాలి. "ఐ వర్క్ హార్డ్లీ" అన్నాడు. 'గా' ఉంది కదా అని 'లీ' పెట్టాడు పాపం. కానీ "హార్డ్లీ" అంటే అర్థం తెలుసా? 'దాదాపు చెయ్యను' అని! "ఐ వర్క్ హార్డ్" అంటే కష్టపడతాను. "ఐ హార్డ్లీ వర్క్" అంటే పనే చెయ్యను. ఒక్క 'లీ' తేడా.

"లేట్" కూడా అంతే. "హి కేమ్ లేట్" అంటే ఆలస్యంగా వచ్చాడు. "లేట్లీ" అంటే ఈ మధ్యకాలంలో అని అర్థం. "ఫాస్ట్"కి అసలు 'లీ' లేనే లేదు. "ఫాస్ట్లీ" అనే మాట వాడకండి.

ఎప్పుడూ, తరచూ, ఎన్నడూ అనే మాటలకు వేరే సీటు ఉంది. మామూలు వెర్బ్ ఉంటే దానికి ముందు కూర్చుంటాయి. "హి ఆల్వేస్ కమ్స్ లేట్". "ఈజ్, ఆర్, యామ్" ఉంటే వాటి వెనక. "హి ఈజ్ ఆల్వేస్ లేట్". బస్సులో సీటు పట్టుకున్నట్టు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇక మన ఫేవరెట్ "ఓన్లీ". తెలుగులో ఒత్తి చెప్పాలంటే మాట చివర ఒక 'ఏ' చాలు. 'నిన్ననే ఇచ్చాను', 'నేనే ఇచ్చాను'. ఆ 'ఏ'ని మనం "ఓన్లీ" చేసేశాం. "యెస్టర్డే ఓన్లీ ఐ గేవ్". మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, ఇబ్బంది లేదు. బయటివాళ్లకి మాత్రం "ఓన్లీ" అంటే 'మాత్రమే'. సీటు మారితే లెక్క మారుతుంది. "ఓన్లీ ఐ పెయిడ్ ద అడ్వాన్స్" అంటే అడ్వాన్స్ కట్టింది నేనొక్కడినే, మిగతావాళ్లు కట్టలేదు. "ఐ పెయిడ్ ఓన్లీ ద అడ్వాన్స్" అంటే కట్టింది అడ్వాన్స్ మాత్రమే, మిగతాది బాకీ. డబ్బుల దగ్గర ఈ తేడా చాలా పెద్దది.

కంజంక్షన్: ఒక అక్షరంలో ఉన్న లంకె

ఇప్పుడు అసలైన కీలు. రెండు వాక్యాల్ని కలిపేది.

'వాన పడితే లారీ బయల్దేరదు.' 'వాన పడినా లారీ బయల్దేరుతుంది.' రెండిటికీ తేడా ఎక్కడ? 'తే', 'నా'. ఒక్కో అక్షరం! ఇంగ్లీష్‌లో ఇవి విడి మాటలై ముందుకు వస్తాయి. "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద లారీ విల్ నాట్ స్టార్ట్." "ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ద లారీ విల్ స్టార్ట్." మనం చివర వినే సంగతిని వాళ్లు మొదట్లోనే చెప్పేస్తారు. గమనించారా? "ఇఫ్" పక్కన "విల్" లేదు. రేపటి సంగతే అయినా "ఇఫ్ ఇట్ రెయిన్స్" అంటారు, "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనరు.

ఇంకోటి. 'చెరువుకి వెళ్లి, చేపలు పట్టి, ఐసు వేసి, లారీ ఎక్కించాం.' మనకు పూర్తి క్రియ చివరిదొక్కటే. ముందున్నవి 'వెళ్లి, పట్టి, వేసి' అని సగంలో ఆగి తర్వాతదానికి చెయ్యి అందిస్తాయి. చాలామంది దీన్ని "ఆఫ్టర్ గోయింగ్, ఆఫ్టర్ క్యాచింగ్, ఆఫ్టర్ పుట్టింగ్" అని లాగుతారు. అవసరం లేదు. ఇంగ్లీష్‌లో అన్నీ పూర్తి క్రియలే, చివర ఒక "అండ్". "వి వెంట్ టు ద పాండ్, కాట్ ద ఫిష్, ప్యాక్డ్ దెమ్ ఇన్ ఐస్ అండ్ లోడెడ్ ద లారీ." మొదట్లో ఒక్క "వి" సరిపోయింది. నాలుగు పనులనీ ఆ ఒక్క "వి" మోస్తుంది.

'మేం స్టేషన్‌కి వెళ్లేసరికి ట్రైన్ వెళ్లిపోయింది.' తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ఈ మాట అనుకోని వాళ్లు ఉండరేమో! ఈ 'సరికి'కి "వెన్" లేదా "బై ద టైమ్". "బై ద టైమ్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్." రెండు పనుల్లో ముందు జరిగిపోయిన దానికి "హ్యాడ్". మన 'వెళ్లిపోయింది'లో ఉన్న 'పోయింది' చేసే పనిలో కొంత ఈ "హ్యాడ్" చేస్తుంది.

ఇంకో జాగ్రత్త. తెలుగులో 'ఎందుకంటే.. కాబట్టి', 'అయినా కూడా.. కానీ' అని రెండు వైపులా లంకె వేసినా చెల్లుతుంది. ఇంగ్లీష్‌లో రెండు వాక్యాలకు ఒక్క లంకే చాలు. "ఆల్దో" పెడితే "బట్" వద్దు. "బికాజ్" పెడితే "సో" వద్దు. "ఆల్దో ద రోడ్ వాజ్ బ్యాడ్, వి రీచ్డ్ ఆన్ టైమ్." అక్కడితో ఆపేయాలి.

వస్తానన్నాడు.. ఎవరు వస్తారు?

ఇప్పుడు మళ్లీ మన మొదటి మెసేజ్ దగ్గరకు వద్దాం. 'డ్రైవర్ రేపు వస్తానన్నాడు.' ఇందులో 'వస్తాను' అని ఉంది. అంటే డ్రైవర్ నోటి మాటని ఉన్నదున్నట్టు ఎత్తి, 'అని' అనే డబ్బాలో పెట్టి అందిస్తాం. ఆ 'ను' డ్రైవర్‌ది, మనది కాదు. తెలుగు విన్న ఎవరికీ ఇందులో అనుమానం రాదు.

ఇంగ్లీష్‌లో ఆ డబ్బా పేరు "దట్". అందులోకి మాట వెళ్లేటప్పుడు మనిషి మారాలి. ఇప్పుడు చెప్పేది నేను కాబట్టి, డ్రైవర్ నాకు "హి" అవుతాడు. "అన్నాడు" అని జరిగిపోయింది కాబట్టి "విల్" కాస్తా "వుడ్" అవుతుంది. "ద డ్రైవర్ సెడ్ దట్ హి వుడ్ కమ్ టుమారో." మాట్లాడేటప్పుడు ఆ "దట్" తీసేసినా ఫర్వాలేదు. కానీ "ఐ"ని "హి" చేయడం మర్చిపోతే మాత్రం రైతే కోల్‌కతా బయల్దేరినట్టు అవుతుంది!

"టోల్డ్" అంటే ఎవరికి చెప్పాడో కూడా ఉండాలి. "టోల్డ్ మీ". ఎవరికి అన్నది అక్కర్లేకపోతే "సెడ్" చాలు.

మన 'అండి' ఏమైపోయింది?

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది ముఖ్యమైన ప్రశ్నే. 'రండి', 'వచ్చానండి', 'ఆయ్'.. మన మర్యాదంతా చివర్లోనే ఉంటుంది. నువ్వు, మీరు అనే తేడా కూడా క్రియ తోకలోనే తెలుస్తుంది. ఇంగ్లీష్‌లో చిన్నవాళ్లైనా పెద్దవాళ్లైనా "యూ". తండ్రి గురించి చెప్పినా "హి కేమ్". ఆయన మీద గౌరవంతో "దే కేమ్" అంటే ఎంతమంది వచ్చారని అడుగుతారు.

మరి మర్యాద ఎక్కడ? వెర్బ్ ముందు చేరుతుంది. "సెండ్ ద మనీ" అంటే 'డబ్బులు పంపు' అన్నట్టు ఉంటుంది. "కుడ్ యూ ప్లీజ్ సెండ్ ద మనీ టుడే" అంటే 'ఇవాళ డబ్బులు కొంచెం పంపిస్తారాండీ' అన్నట్టు. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ మొదలైంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు వేరే రాష్ట్రాల పిల్లలవే. ఇలా బయటి నుంచి వచ్చిన వాళ్లతో మాట్లాడేటప్పుడు మనకు మర్యాద లేక కాదు, మన 'అండి'ని ఎక్కడ పెట్టాలో తెలియక మాట కటువుగా వినిపిస్తుంది. "కుడ్ యూ", "వుడ్ యూ", "ప్లీజ్".. ఇవే ఇంగ్లీష్ 'అండి' అనుకోండి.

నాలుగూ కలిస్తే ఇలా ఉంటుంది

ఒక వాక్యం కట్టి చూద్దాం. చలికాలంలో ఆదివారం అందరూ కలిసి ఆటపాక వెళ్లారు, గూడబాతుల్ని చూడ్డానికి. కొల్లేరు 2002 నుంచి అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో ఉంది. ఇంటికొచ్చాక బయటి రాష్ట్రం ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టాలి.

తెలుగులో ఇలా అంటాం. 'పక్షుల్ని చూద్దామని ఆటపాక వెళ్లాం గానీ, ఆలస్యంగా చేరడంతో పడవ దొరకలేదు.'

మొదట మనిషి. ఎవరు వెళ్లారు? "వి". తర్వాత పని. "వెంట్ టు ఆటపాక". 'చూద్దామని' అనే ఉద్దేశానికి "టు సీ ద బర్డ్స్". ఇక్కడికి ఒక వాక్యం అయ్యింది. 'గానీ' అనే లంకెకి "బట్". మళ్లీ మనిషి కావాలి. "వి రీచ్డ్". ఎలా? "లేట్". 'లీ' వద్దు. 'దాంతో' అనడానికి "సో". మళ్లీ మనిషి. 'పడవ దొరకలేదు'లో మనిషే లేడు, కానీ ఇంగ్లీష్‌కి కావాలి. "వి డిడ్ నాట్ గెట్ ఎ బోట్". ముద్ర "డిడ్" మీద పడింది, "గెట్" మామూలుగా ఉంది.

మొత్తం కలిపితే.. "వి వెంట్ టు ఆటపాక టు సీ ద బర్డ్స్, బట్ వి రీచ్డ్ లేట్, సో వి డిడ్ నాట్ గెట్ ఎ బోట్."

చూశారా? తెలుగులో మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఇంగ్లీష్‌లో "వి" మూడుసార్లు వచ్చింది. లంకెలు రెండు. అడ్వర్బ్ ఒకటి. పెద్ద మాట ఒక్కటీ లేదు.

పంపే ముందు మూడు ప్రశ్నలు

రోజుకు వంద మాటలు బట్టీ పట్టక్కర్లేదు. మెసేజ్ పంపే బటన్ నొక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి చాలు.

ఒకటి, ఎవరు? ప్రతి వెర్బ్ ముందు ఒక మనిషో, వస్తువో, లేదంటే ఆ ఉత్తుత్తి "ఇట్"ఓ ఉన్నాయా? "ఐ" అని రాసింది నిజంగా నా గురించేనా? "వి"లో ఎవరెవరున్నారు?

రెండు, ఎప్పుడు? అయిపోయిందా, రోజూ జరిగేదా, రేపు జరగాల్సిందా? కాలం ముద్ర ఒక్క చోటే పడిందా?

మూడు, లంకె ఏది? 'తే, నా, అని, సరికి' అని నేను తెలుగులో అనుకున్న ఆ చిన్న అక్షరానికి ఇంగ్లీష్‌లో విడి మాట పెట్టానా? ఒక్కటే పెట్టానా?

ఇవాళే మీ ఫోన్‌లో పాత మెసేజ్ ఒకటి తీసి ఈ మూడు ప్రశ్నలతో చదివి చూడండి. తప్పు ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. పిల్లలు పక్కనుంటే వాళ్లతోనూ చేయించండి, ఆటలా ఉంటుంది.

కైకలూరు రైతు మెసేజ్ ఇప్పుడు ఇలా ఉంటుంది. "ఐ సెంట్ ద లోడ్ టుడే. ద డ్రైవర్ సెడ్ హి వుడ్ రీచ్ టుమారో మార్నింగ్. కుడ్ యూ ప్లీజ్ కీప్ యువర్ మెన్ రెడీ?"

పంపింది ఎవరో, వచ్చేది ఎవరో, సిద్ధంగా ఉండాల్సింది ఎవరో తేలిపోయింది. ఐసు కరిగేలోపే లారీ ఖాళీ అవుతుంది!